కిడ్నీ సదస్సుల్లో వెనక వరస

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ పత్రికలో కిడ్నీ వైద్యం మీద జరిగిన ఒక సదస్సు వార్త చదివాను. వార్త నిండా ‘బృందం’ అన్న మాటే. కిడ్నీ రోగిని కాపాడేది బృందమట, బృందానికి ఎప్పటికప్పుడు శిక్షణ కావాలట, అందుకే బృందమంతా ఒకచోట చేరిందట. కింద ఫొటో వేశారు. వేదిక మీద తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ డాక్టర్లే.

తప్పు మీది కాదు. అక్కడ ఎవరు కూర్చుంటే వాళ్లనే కదా ఫొటో తీస్తారు. కానీ ఆ మాటకూ ఆ ఫొటోకూ పొంతన కుదరక ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను డయాలసిస్ టెక్నీషియన్ని. 19 ఏళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో నేను వెళ్లిన సదస్సులు సరిగ్గా రెండు.

ముందు చిన్న లెక్క. రెండు కిడ్నీలూ పనిచేయడం మానేసిన మనిషికి సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్ చేస్తాం. ఏడాదికి 156 సార్లు. ఫిస్టులా (సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో లావెక్కేలా చేసిన చేతి సిర) ఉన్నవాళ్లకి ప్రతిసారీ చేతికి రెండు సూదులు. ఒకటి రక్తాన్ని మెషిన్లోకి లాగడానికి, ఇంకోటి శుభ్రపడిన రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపడానికి. అంటే ఏడాదికి 312 సూదులు. మామూలు ఇంజెక్షన్ సూదులనుకునేరు, వాటికంటే బాగా లావు. ఆ 312లో డాక్టరుగారు గుచ్చేవి ఎన్నుంటాయో మీరే ఊహించుకోండి. ఎంతసేపు చేయాలి, ఎంత నీరు తీయాలి, ఏ మందు ఎంత అని రాసేది ఆయన. ఆ రాసినదాన్ని మనిషి ఒంటి దాకా తెచ్చేది నర్సూ టెక్నీషియనూ. ఏం తినాలో, ఎన్ని నీళ్లు తాగాలో చెప్పి ఒప్పించేది డైటీషియన్. ఉద్యోగం ఉందా పోయిందా, తీసుకొచ్చి తీసుకెళ్లే మనిషి ఉన్నాడా లేడా అని కనుక్కునేది సోషల్ వర్కర్. మెషిన్లకి వెళ్లే నీళ్లని శుద్ధిచేసే ప్లాంటు చూసేది మరొకాయన, ఆయన్ని రోగులు ఎప్పుడూ చూసి ఉండరు కూడా.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది దాచిపెట్టి మిగతాది రాస్తే పెద్దమనిషి వేషం వేసినట్టుంటుంది.

పనిలో చేరిన కొత్తలో రిటైరైన మాస్టారొకరు నా షిఫ్టులో వచ్చేవారు. ఎడమ చేతికి ఫిస్టులా. ఫిస్టులా అంటే చేతిలో ధమనినీ సిరనీ చిన్న ఆపరేషన్‌తో కలిపి కుట్టేస్తారు. ధమనిలోని ఉరవడి సిరలోకి వచ్చి, కొన్ని వారాలకి ఆ సిర తాడులా లావెక్కుతుంది. వేలు ఆనిస్తే లోపల పిల్లి గురగురలాడుతున్నట్టు తెలుస్తుంది. దాన్ని మేం థ్రిల్ అంటాం. డయాలసిస్ రోగికి ఆ చెయ్యే ఆధారం. మాస్టారు వచ్చి పడుకోగానే చెయ్యి చాపి ‘అక్కడే గుచ్చు బాబూ, అక్కడైతే నొప్పి తెలీదు’ అనేవారు. ఒకే జాగాలో మళ్లీ మళ్లీ గుచ్చితే చర్మం మొద్దుబారుతుంది, నొప్పి తెలీకపోవడం నిజమే. నాకూ సులువే. ఒక్క పోటుకే దొరికేది, ఆయనకి సుఖం, నాకు పేరు. ‘ఈ అబ్బాయి చెయ్యి మంచిది’ అని పక్క మంచం వాళ్లతో చెప్పేవారు.

అలా మూడేళ్లకు పైగా బొటనవేలు వెడల్పు జాగాలోనే గుచ్చాను. అక్కడ మెల్లగా ఉబ్బింది. ఆ ఉబ్బు మీద చర్మం పల్చబడి నిగనిగలాడటం మొదలైంది. ఫిస్టులా మీద చర్మం నిగనిగలాడితే భయపడాలని నాకు తెలీదు. తెలిసినవాళ్లెవరూ చెప్పలేదు. ఒక రాత్రి ఇంట్లో ఆ ఉబ్బు మీది పెచ్చు ఊడిపోయి రక్తం చిమ్మింది. మాస్టారి కోడలు దాని మీద గుడ్డ అదిమిపట్టి, ఆ పట్టు వదలకుండానే ఆసుపత్రికి తీసుకొచ్చింది. బతికారు. ఫిస్టులా మాత్రం మూసేయాల్సి వచ్చింది. మెడలో గొట్టం పెట్టి కొన్ని నెలలు దాంతోనే డయాలసిస్ చేశాం. మధ్యలో ఆ గొట్టానికి ఇన్‌ఫెక్షన్ వచ్చి చలిజ్వరంతో వణికిపోయారు. నన్ను ఒక్క మాట అనలేదు. కుడి చేతికి కొత్త ఫిస్టులా చేశాక, మొదటిసారి నేను సూది పట్టుకున్నప్పుడు ‘ఈసారి ఎక్కడ గుచ్చాలో నువ్వే చెప్పు బాబూ’ అన్నారు. నాకూ తెలీదని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ మరుసటి ఏడు నేను మొదటి సదస్సుకి వెళ్లాను. నన్ను ఎంపిక చేసి పంపలేదు. వెళ్లాల్సినాయనకి వీలుకాక, కట్టిన రుసుము వృథా పోతుందని నన్ను పంపారు. రెండు రోజులు. పెద్ద హాల్లో వెనక నుంచి రెండో వరసలో కూర్చున్నాను. తెర మీద చీమల్లాంటి అక్షరాలు. జన్యువుల గురించీ, మందుల పరీక్షల గురించీ ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. అవి పనికిరావని నేననను, డాక్టర్లకి అవి కావాలి. షుగరు కోసం తయారైన గ్లిఫ్లోజిన్ రకం మాత్రలు కిడ్నీ జబ్బు ముదరకుండా నిదానింపజేస్తాయని ఇవాళ రుజువైంది. ఆ సంగతి డాక్టరు ఎంత త్వరగా నేర్చుకుంటే నా దాకా వచ్చే రోగులు అంత తగ్గుతారు. నాకు మంచిదే. కానీ ఆ హాల్లో రెండు రోజులు కూర్చుని నేను పట్టుకెళ్లగలిగింది చాలా తక్కువ. మాస్టారి చెయ్యే కళ్లముందు ఆడుతుంటే జన్యువుల మీద మనసు నిలుస్తుందా?

రెండో రోజు మధ్యాహ్నం, అందరూ భోజనాలకి లేచాక, పక్కన చిన్న గదిలో సూదులు పెట్టే పద్ధతి మీద 40 నిమిషాల తరగతి ఉందని కార్యక్రమం కాగితం అడుగున కనిపించింది. వెళ్లాను. కుర్చీలు చాలక సగంమంది గోడకి ఆనుకుని నిలబడ్డారు. చెప్పేది ఒక సీనియర్ నర్సు. బల్ల మీద రబ్బరు చెయ్యి. అందులో ఎర్రనీళ్లు పారే గొట్టాలు. ఆమె సూది తియ్యలేదు. ముందు ‘చేతులు వెనక్కి పెట్టుకోండి’ అంది. ‘మొదట చూడండి. తర్వాత వినండి. తర్వాత తాకండి. ఈ మూడూ అయ్యాకే సూది.’

నాకు బాగా గుర్తున్నది చెయ్యి పైకెత్తించే పరీక్ష. రోగిని పడుకోబెట్టి ఫిస్టులా చేతిని గుండె కంటే పైకి ఎత్తమనాలి. ఉబ్బెత్తుగా ఉన్న సిర అణగాలి. అణగకుండా నిండుగానే ఉందంటే రక్తం పైకి పోయే దారిలో ఎక్కడో ఇరుకు ఏర్పడిందని అనుమానించాలి. మెషిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. ఆరేళ్లుగా ఫిస్టులాలతోనే గడిపిన నాకు ఈ సంగతి ఆ పూట దాకా తెలీదు.

తర్వాత సూదుల సంగతి చెప్పింది. తాడు నిచ్చెన మెట్లలాగ, ఈసారి ఇక్కడ గుచ్చితే వచ్చేసారి కాస్త పైన, ఆ వచ్చేసారి ఇంకాస్త పైన. చివరిదాకా వెళ్లి మళ్లీ కిందినుంచి మొదలు. ఆపరేషన్ కుట్టు దగ్గర మూడు నాలుగు సెంటీమీటర్లు వదిలేయాలి. ఏ రోజు ఎక్కడ గుచ్చామో రోగి కాగితంలో చెయ్యి బొమ్మ గీసి గుర్తు పెట్టాలి, ఎందుకంటే రేపు వచ్చేది ఇంకో షిఫ్టు మనిషి. నేను ఉండబట్టలేక అడిగాను, రోగే అక్కడ గుచ్చమంటే ఏం చేయాలమ్మా అని. ఆమె నా ముఖం చూసి ఏదో గ్రహించినట్టుంది. ‘నీ దగ్గర ఎవరికైనా చెయ్యి పోయిందా తమ్ముడూ?’ అంది. తలూపాను. ‘నా దగ్గరా పోయింది’ అని మళ్లీ రబ్బరు చెయ్యి అందుకుంది.

ఆ 40 నిమిషాలే నాకు సదస్సు. తిరిగొచ్చిన వారంలోనే ఒకామె చెయ్యి ఎత్తించి చూస్తే సిర అణగలేదు. డాక్టరుగారికి చెప్పాను. స్కాన్‌లో పైన ఇరుకు కనిపించింది, బెలూన్‌తో వెడల్పు చేశారు. ఆ ఫిస్టులా తర్వాత ఎన్నో ఏళ్లు పనిచేసింది. మాస్టారి కుడి చేతికి బొమ్మ గీసి మెట్లు లెక్కపెట్టుకుంటూ గుచ్చాను. నొప్పి పుడుతోందని ఆయన సణిగేవారు. పుట్టనీ అనుకునేవాణ్ని.

మా చోట మాత్రం సదస్సులో ఏం నేర్చుకున్నావని నన్నెవరూ అడగలేదు. సర్టిఫికెట్ జిరాక్సు అడిగారు, ఫైల్లో పెట్టుకోవడానికి.

రెండో సదస్సుకి వెళ్లేసరికి నాకు 14 ఏళ్ల సర్వీసు. అందులో ఒక్కటి మంచి ఏర్పాటు చూశాను. ఒకే రోగి కథ తీసుకుని బృందంలో ఒక్కొక్కరు తమ వైపు నుంచి చెప్పడం. పేరు లేకుండా, ఒక మగమనిషి కథ. రక్తంలో ఫాస్ఫరస్ ఎన్ని నెలలైనా దిగడం లేదు. ఫాస్ఫరస్ పెరిగితే ఎముకలు గుల్లబారతాయి, రక్తనాళాలు గట్టిపడతాయి, ఒళ్లంతా దురద. డాక్టరు మాత్రల మోతాదు పెంచుకుంటూ పోయాడు. డైటీషియన్ ప్రతి నెలా వచ్చి తిండి మీద తిట్టి వెళ్లింది. డయాలసిస్ నర్సు, ‘పూర్తి నాలుగు గంటలూ ఉండు బాబూ’ అని బతిమాలింది. అందరూ ఎవరి పని వాళ్లు చేశారు, అంకె మాత్రం కదల్లేదు. చివరికి సోషల్ వర్కర్ మైకు తీసుకుని చెప్పింది. అతనికి రాత్రి కాపలా ఉద్యోగం. ప్రధానంగా తినేది అర్ధరాత్రి దాటాక, పనిచోట. మాత్రలేమో ఇంట్లో, చీటీ మీద ‘ఉదయం, మధ్యాహ్నం, రాత్రి’ అని రాసిన వేళలకి ఠంచనుగా వేసుకుంటున్నాడు, ఖాళీ కడుపుతో. ఆ మాత్రలు పనిచేసేది కడుపులో తిండి ఉన్నప్పుడే. తిండిలోని ఫాస్ఫరస్‌ని అక్కడికక్కడే పట్టుకుని రక్తంలోకి పోకుండా ఆపడమే వాటి పని. మనిషి చెప్పిన మాట అక్షరాలా విన్నాడు, చీటీయే తప్పు.

హాల్లో ఒక్కసారిగా గుసగుసలు. నా పక్కన కూర్చున్న యువ డాక్టరు ఫోన్ తీసి ఏదో రాసుకున్నాడు. ఆ రెండు రోజుల్లో అతను రాసుకోవడం నేను చూసింది అదొక్కసారే.

ఇలాంటివి ఎందుకు ఎక్కువ పెట్టరో నాకు అర్థం కాదు. డాక్టర్ల సదస్సు ఒకచోట, నర్సులది ఇంకోచోట, డైటీషియన్లది వేరే నెలలో. ఎవరి హాల్లో వాళ్లు ఎవరికి తెలిసింది వాళ్లకే చెప్పుకుని వస్తారు. ఆ రాత్రి కాపలావాడి చీటీ ఏ ఒక్క హాల్లోనూ దొరకదు.

అసలు డయాలసిస్ పుట్టిందే బృందం పనిగా. 1943లో నెదర్లాండ్స్‌లో, యుద్ధం నడుస్తుండగా, విల్లెం కోల్ఫ్ అనే డాక్టరు తిరిగే పీపాతో కృత్రిమ కిడ్నీ మొదటిసారి మనిషి మీద వాడాడు. అయితే ఆ రోజుల్లో డయాలసిస్ చేసిన ప్రతిసారీ కొత్తగా రక్తనాళం కోయాల్సి వచ్చేది. కొన్నిసార్లయ్యాక కోయడానికి చోటుండదు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ ఆ చిక్కు విప్పాడు. చేతిలో శాశ్వతంగా ఉండిపోయే గొట్టం పెడదామన్న ఆలోచన డాక్టరుది. టెఫ్లాన్ గొట్టాన్ని కావాల్సిన వంపులో వంచి తయారుచేసింది వేన్ క్వింటన్ అనే ఇంజినీరు. చేతిలో అమర్చింది సర్జను. దాంతో డయాలసిస్ మొదలుపెట్టిన క్లైడ్ షీల్డ్స్ అనే రోగి ఆ తర్వాత 11 ఏళ్లు బతికాడు. అప్పటిదాకా శాశ్వతంగా కిడ్నీలు పోయినవాళ్లకి డయాలసిస్ మీద రోజులో వారాలో. ఇవాళ మేం వాడే ఫిస్టులా 1966 నుంచి ప్రచారంలోకి వచ్చింది, స్క్రిబ్నర్ గొట్టం పాతబడింది. ఆ ఇంజినీరు లేకపోతే మాత్రం నాకీ ఉద్యోగమే ఉండేది కాదు.

ఇంజినీరు మాట వచ్చింది గనక నీళ్ల గురించి చెప్పాలి. సదస్సుల్లో నీళ్లకి దక్కే చోటు చూస్తే నాకు మండుతుంది. ఒక్క డయాలసిస్‌కి మెషిన్లో పారే ద్రవం నిమిషానికి అర లీటరు. నాలుగు గంటలకి 120 లీటర్లు. పల్చటి పొర ఒక్కటి అడ్డం, అటు నీళ్లు, ఇటు మనిషి రక్తం. మనం తాగే నీళ్లలో దోషముంటే కడుపూ పేగులూ కొంత అడ్డుకుంటాయి. ఇక్కడ ఆ పొర తప్ప అడ్డుకునేది ఏమీ లేదు. ఊరి నీళ్లలో కలిపే క్లోరిన్, క్లోరమిన్ మామూలుగా మంచివే, క్రిముల్ని చంపుతాయి. డయాలసిస్ నీళ్లలో అవే ఎర్రకణాల్ని పగలగొడతాయి. అందుకే మొత్తం క్లోరిన్ లీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రమాణం. క్లోరమిన్‌ని ఆపేది ఆర్వో పొర కాదు, దానికంటే ముందుండే కార్బన్ ట్యాంకు. ఆ ట్యాంకు అరిగిపోయిందో లేదో తెలిసేది షిఫ్టు మొదలయ్యే ముందు ఎవరో ఒకరు ఆ నీళ్లలో క్లోరిన్ పరీక్ష పట్టీ ముంచి చూస్తేనే. పట్టీ రంగు చూసి సంతకం పెట్టే ఆ ‘ఎవరో ఒకరు’ సదస్సుకి పిలుపు అందని మనిషి.

1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో ఒక డయాలసిస్ కేంద్రానికి వచ్చిన నీళ్లలో నీలి ఆకుపచ్చ నాచు విషం కలిసి, లివరు దెబ్బతిని 50 మందికి పైగా రోగులు చనిపోయారు. వాళ్లు చేసిన తప్పల్లా డయాలసిస్‌కి రావడమే. ఈ సంగతి నాకు ఏ సదస్సులోనూ తెలియలేదు. రెండో సదస్సులో మెషిన్ల కంపెనీ స్టాల్ దగ్గర నిలబడ్డ సర్వీసు ఇంజినీరు చెప్పాడు, చేతిలో టీ కప్పుతో. ఆ రోజు వేదిక మీద నీళ్ల ప్రస్తావన వచ్చింది సాయంత్రం ఆఖరి పావుగంట. అప్పటికి హాలు సగం ఖాళీ.

స్టాళ్లని తిట్టడం పెద్దలకి అలవాటు. నేను తిట్టను. ఏ అలారం ఎందుకు మోగుతుందో నాకు సగం అక్కడే తెలిసింది. అయితే తన ఫిల్టరులో లోపమేంటో కంపెనీ మనిషి చెప్పడు. అది చెప్పడానికి ఇంకెవరో ఉండాలి. ఆ ఇంకెవరో వేదిక మీద ఉండాలి.

ఇక మమ్మల్ని ఎందుకు పంపరు? జవాబు ఎక్కడైనా ఒకటే: ‘నువ్వు వెళ్తే మెషిన్లు ఎవరు చూస్తారు?’ అబద్ధం కాదు. డాక్టరు రెండు రోజులు లేకపోతే ఇంకో డాక్టరు వచ్చి చూసిపోతారు. నలుగురు టెక్నీషియన్లలో ఇద్దరు లేకపోతే ఒక షిఫ్టు ఆగిపోతుంది. షిఫ్టు ఆపడానికి వీల్లేదు. మా రోగుల్లో కొందరు సోమ, బుధ, శుక్రవారాలు వస్తే, మిగతావాళ్లు మంగళ, గురు, శనివారాలు వస్తారు. వారానికోసారి మధ్యలో రెండు రోజుల ఎడం ఎలాగూ తప్పదు. ఆ రెండు రోజుల ఎడం తర్వాతి రోజే గుండెపోట్లు, చావులు ఎక్కువని 2011లో అమెరికా రోగుల వివరాలతో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. ఆ ఎడాన్ని మూడు రోజులు చేసి నేను సదస్సుకి పోతానా?

మరి సదస్సులేమో ఎక్కువగా గురు, శుక్ర, శనివారాల్లో పెడతారు. చాలా డయాలసిస్ కేంద్రాలకి ఆదివారం సెలవు. ఆ ఒక్కరోజు మాకోసం వాడితే ఏం పోతుంది? సూదులు, నీళ్లు, మెడ గొట్టాల శుభ్రత, ఇలాంటి చేతిపని తరగతులన్నీ ఆదివారం పెట్టమని అడగడం గొంతెమ్మ కోరిక కాదనుకుంటాను. గొట్టం మూత విప్పేముందు ఎన్ని సెకన్లు రుద్దాలి, ఏ మందుతో రుద్దాలి, అది ఆరేదాకా ఎందుకు ఆగాలి, ఇవి తెర మీద చూపిస్తే వచ్చేవి కావు. పక్కన నిలబడి ‘ఇంకా రుద్దు, ఇంకా, ఆ, చాలు’ అనే మనిషి కావాలి. రబ్బరు చేతులు నాలుగుండాలి, ఒకటి కాదు. గదికి 20 మంది చాలు.

భాష మాట కూడా చెప్పాలి. మాకు ఇంగ్లీషు రాదని కాదు, అలారాలూ మందుల పేర్లూ అన్నీ ఇంగ్లీషులోనే చదువుతాం. కానీ సందేహం అడగాలంటే నోరు పెగలదు. ఇంగ్లీషులో తప్పు మాట్లాడతానేమోనని అడక్కుండా ఊరుకున్న ప్రశ్న చివరికి రోగి చేతి మీద తేలుతుంది. ఆ నర్సమ్మ తెలుగులో చెప్పకపోయుంటే నేను ఆ ప్రశ్న అడిగేవాణ్నే కాదు.

వేరేచోట్ల ఈ ఆలోచన ఎప్పుడో మొదలైంది. యూరప్‌లో కిడ్నీ నర్సుల సంఘం 1971లోనే పుట్టింది. ఇవాళ అందులో టెక్నీషియన్లు, డైటీషియన్లు, సోషల్ వర్కర్లు కూడా సభ్యులు. అమెరికాలో నేషనల్ కిడ్నీ ఫౌండేషన్‌లో నర్సులకీ టెక్నీషియన్లకీ కలిపి ఒక మండలి, డైటీషియన్లకి ఒకటి, సోషల్ వర్కర్లకి ఒకటి ఉన్నాయి. అక్కడంతా బంగారమేనని చెప్పడం లేదు. 2008లో వచ్చిన అమెరికా ప్రభుత్వ నిబంధనల్లో డయాలసిస్ బృందంలో కనీసం ఎవరెవరు ఉండాలో రాశారు. డాక్టరు, నర్సు, డైటీషియన్, సోషల్ వర్కర్. టెక్నీషియన్ ఆ కనీసంలో లేడు. మొదటిసారి చదివినప్పుడు ఉక్రోషం వచ్చింది. మళ్లీ చదివితే, ఆ వరసలో అందరికంటే ముందు రోగి పేరు ఉంది. రోగి కూడా బృందంలో మనిషేనని చట్టంలో రాసుకున్నారన్నమాట. దాంతో ఉక్రోషం కాస్త చల్లారింది.

మాస్టారు ఉండి ఉంటే ఆయన్ని వేదిక ఎక్కించమని అడిగేవాణ్ని. రెండు చేతులూ చాపి, ఇది ఒకే చోట గుచ్చిన చెయ్యి, ఇది మెట్లు మెట్లుగా గుచ్చిన చెయ్యి అని చూపిస్తే చాలు. ఆయన పాఠం బాగా చెప్పేవారట కూడా.

మీ పత్రికకి నా మనవి ఒక్కటే. ఈసారి ఇలాంటి సదస్సుకి మీ విలేకరి వెళ్తే పెద్ద హాల్లో ఫొటో తీశాక, కార్యక్రమం కాగితం అడుగున ఏముందో చూడమనండి. భోజనాల వేళ చిన్న గదిలోకి నెట్టిన తరగతి ఒకటి తప్పకుండా ఉంటుంది. అక్కడికి వెళ్లమనండి. కుర్చీ దొరక్కపోతే గోడకి ఆనుకోమనండి. నిర్వాహకుల్ని ఇంకో మాట కూడా అడగమనండి: వచ్చినవాళ్లలో డాక్టర్లు ఎందరు, మిగతావాళ్లు ఎందరు అని. ఆ రెండు అంకెలు వార్తలో వేస్తే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

మళ్లీ సదస్సు రాబోతోందని, మా దగ్గర నుంచి ఒక్కరికి అవకాశమని నోటీసు పెట్టారు. సీనియర్ని కాబట్టి నా పేరు రాశారు. నేను కొట్టేసి, చేరి రెండేళ్లయిన అమ్మాయి పేరు రాశాను. నిన్న ఆమె ఒకాయన చేతికి సూది పెడుతుంటే చూశాను. ఆయన ‘అక్కడే పెట్టమ్మా, నొప్పుండదు’ అంటున్నాడు. ఆమె అక్కడే పెట్టబోతోంది. ఆపి, పైన చోటు చూపించాను. ఎందుకని అడిగింది. చెప్పాను గానీ, నేను చెప్పినదానికంటే ఆ రబ్బరు చెయ్యి బాగా చెప్తుంది. ఆ రెండు రోజులు ఆమె షిఫ్టు, నా షిఫ్టు రెండూ నేనే చూస్తాను.

ఇట్లు,
ఒక డయాలసిస్ టెక్నీషియన్